తలకు పూయు మందులు – పరీక్షించి చూచు విధము

జుట్టు రాలుటకు పూయు మందులతో పంచాయతీకేమి పని యని కొందరు సభ్యులకు తోచవచ్చును. రహదారి, మంచినీరు, వీధిదీపము, పారిశుద్ధ్యము వంటి పనుల నడుమ వెండ్రుకల మాట చిన్నదిగనే కనబడును. కాని వారపు సంతలో ఒక మూల గుడారము వేసి, పాతిక మూలికల పేర్లు వల్లించుచు నూనె సీసాలమ్మువాని చుట్టు ఎందరు మూగుదురో చూచినవారు దీనిని చిన్న మాట యనరు. ఒక్కొక్క సీసాకు కూలిమనిషి రెండు మూడు దినముల సంపాదన పోవుచున్నది. డబ్బుతో పోయిన బాగుండును. బాలింత రక్తహీనత, జ్వరము విడిచిన తరువాతి నీరసము, బిడ్డ తలలోని తామర – జుట్టు రాలుటయను గుర్తు ద్వారా శరీరము తెలుపు ఈ సంగతులన్నియు నూనె చాటున మరుగుపడుచున్నవి. నష్టము అక్కడ నున్నది.

తలకు పూయు మందులలో ఏది పనిచేయును, ఏది చేయదు, పనిచేసినదని చెప్పువాని మాటను ఎట్లు తూచవలెను అను విషయములను ఈ పాఠమున వివరింతుము. ఊరివారు ముందుగా సలహా యడుగునది పంచాయతీ సభ్యులనే కావున, ఈ సంగతులు మీకు తెలిసియుండుట అవసరము.

వెండ్రుక పెరుగు క్రమము

మనిషి తలమీద సుమారు లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్కటి తన కుదురునుండి వేరుగా పెరుగును. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు పెరిగి, పిమ్మట రెండు మూడు వారములలో పెరుగుదల ముగించుకొని, సుమారు మూడు నెలలు విశ్రమించి రాలిపోవును. అదే కుదురునుండి మరల క్రొత్త వెండ్రుక మొలచును. ఈ చక్రము అన్ని వెండ్రుకలకు ఒకేసారి తిరగదు. అందుచేతనే మన తల ఏటేట బోడియగుట లేదు. దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలుట ఆరోగ్యవంతులకును సహజమే.

పంటచేనిలో పైరును కోసినను దుబ్బు బ్రతికియున్న మరల చిగిర్చును. దుబ్బు చచ్చిన ఎంత నీరు పెట్టినను చిగుర్చదు. వెండ్రుకకు కుదురు అట్టిది. తిరుమలలో తలనీలాలు సమర్పించిన భక్తునికి మరల జుట్టు వచ్చుట గుండు మహిమవలన గాదు, కుదురునకు కత్తి తగులకపోవుటచేతనే. గుండు చేయించిన జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకమును ఇట్టిదే. కత్తిరించిన కొన మొద్దుగా నుండుటచే చేతికి బిరుసుగా తగులును గాని, వెండ్రుకల లెక్క పెరుగదు.

కావున ఏ మందునైనను ముందడుగవలసిన ప్రశ్న ఇది: ఇది కుదురును చేరునా, లేక పైనున్న వెండ్రుకకు మెరుగు పెట్టి ఊరకుండునా?

రాలుటలో రకములు

జుట్టు రాలుట ఒక రోగము గాదు, పలు కారణముల గుర్తు. పల్లెలలో తరచుగా కనబడునవి నాలుగు రకములు.

మొదటిది జ్వరము, ప్రసవము, శస్త్రచికిత్స, పస్తులు, మనోవేదన వంటి దెబ్బ తగిలిన తరువాత వచ్చునది. దెబ్బ తగిలిననాడు ఏమియు జరుగదు. పెరుగుచున్న వెండ్రుకలు అనేకము ఒక్కసారిగా విశ్రాంతి దశకు పోయి, రెండు మూడు నెలలకు గుంపుగా రాలును. డెంగీ, టైఫాయిడు, కోవిడు వచ్చి తగ్గినవారు, బాలింతలు ‘దువ్వెన నిండ వచ్చుచున్నది’ అని విచారించునది దీనినిగూర్చియే. మూలకారణము తొలగిన యెడల ఇది సాధారణముగా ఆరు నెలలలో తనంతట తానే తగ్గును. ఇనుము లోపము, థైరాయిడు వ్యాధి ఉన్న యెడల తగ్గక సాగును.

రెండవది వంశమునుబట్టి వచ్చు బట్టతల. పురుష హార్మోనునుండి పుట్టు ఒక పదార్థమునకు కొందరి కుదుళ్ళు లొంగి క్రమముగా చిన్నవగును. వెండ్రుక సన్నబడి, పొట్టియై, తుదకు కంటికి కానరాదు. పురుషులలో కణతలనుండియు నడినెత్తినుండియు, స్త్రీలలో పాపిట వెడల్పగుట ద్వారాను ఇది బయటపడును. వృషణములు తొలగింపబడినవారికి ఇట్టి బట్టతల రాకుండుటను 1942లో హామిల్టన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు నిరూపించి, హార్మోను సంబంధమును స్పష్టపరచెను.

మూడవది మనము పేనుకొరుకుడు అనునది. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోవును. పేరెట్లున్నను ఇందు పేనుకు దోషము లేదు. శరీరములోని రక్షణ శక్తియే పొరబడి తన కుదుళ్ళను శత్రువుగా భావించుటచే ఇది కలుగును. మచ్చలు కొలదిగానున్న పలువురికి ఏడాది లోపల ఏ మందు లేకయే మరల మొలచును.

నాలుగవది పిల్లలకు వచ్చు తలతామర. ఇది బూజుజాతి సూక్ష్మజీవి వలన వచ్చును. దురద, పొట్టు, తెగిన వెండ్రుకలు దీని గుర్తులు. దువ్వెన, తువాలు, టోపీ మార్చుకొనుట ద్వారా ఒకరినుండి మరొకరికి అంటును. ఉపేక్షించిన చీముగడ్డగా మారి, కుదుళ్ళు నశించి, శాశ్వతముగా మచ్చ మిగులవచ్చును.

మొదటి మూడవ రకములను మరల గమనింపుడు. రెండును చాలమందికి తమంతట తామే తగ్గునవి. సరిగా తగ్గవలసిన వేళకు తలపై ఏ నూనె యున్నదో దానికే కీర్తి దక్కును. బోడిగుండునకు మోకాలికి ముడివేయుట యన్న సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

ఇంటి నూనెలు, పసరులు

మన ఇండ్లలో వాడు కొబ్బరినూనె, గుంటగలగరాకు నూనె, మందార, మెంతులు, ఉల్లిరసము – వీనిని హేళన చేయుట తగదు. వీనికి లేని శక్తిని ఆపాదించుటయు తగదు.

కొబ్బరినూనె వెండ్రుకలోనికి కొంత ఇంకి, తలంటునప్పుడు, దువ్వునప్పుడు మాంసకృత్తు నష్టము కాకుండ కాపాడునని 2003లో ప్రచురింపబడిన మన దేశీయుల పరిశోధన తెలిపినది. సూర్యకాంతి నూనెకుగాని ఖనిజతైలమునకుగాని ఆ గుణము కనబడలేదు. కావున కొబ్బరినూనె రాచిన తలకట్టు తక్కువగా తెగును. తెగుట వేరు, కుదురుతో రాలుట వేరు. రాలిన వెండ్రుక ఒక కొనను తెల్లని చిన్న ఉబ్బు కనబడిన అది కుదురునుండి ఊడినది. లేనియెడల నడుమ తెగినది. నూనె ఉపకారము రెండవదానికే.

గుంటగలగరాకు రసముతో ఎలుకలపై చేసిన ప్రయోగములలో వెంట్రుకలు త్వరగా మొలచిన మాట నిజము. ఎలుక చర్మము మన తల గాదు. ఆ ఫలితమును సీసాపై ముద్రించి మనుష్యులకు అమ్ముట న్యాయము గాదు.

ఉల్లిరసమును బాగ్దాదు నగర వైద్యులు పేనుకొరుకుడు గలవారిపై పరీక్షించి 2002లో వెల్లడించిరి. దినమునకు రెండుమారులు రసము పూసిన 23 మందిలో ఆరు వారములకు 20 మందికి జుట్టు మొలచినది. కుళాయి నీరు పూసిన 15 మందిలో ఇద్దరికి మాత్రమే మొలచినది. ఫలితము ఆశాజనకమే. కాని పరీక్షింపబడినవారు కొలదిమంది, రోగము పేనుకొరుకుడు. వంశపారంపర్యమైన బట్టతలకు ఉల్లి పనిచేయునని దీనివలన తేలలేదు. సంతలోని వ్యాపారి ఈ తేడాను చెప్పడు.

గురివింద గింజల విషయమున మాత్రము గట్టి హెచ్చరిక అవసరము. పేనుకొరుకుడుకు గురివింద గింజ నూరి రుద్దు అలవాటు కొన్ని చోట్ల కలదు. ఆ గింజలోని అబ్రిన్ అను పదార్థము ఘోరమైన విషము. నూరిన పొడి పిల్లల నోటికి చేరిన ప్రాణాపాయము, కంటిలో పడిన చూపునకు ప్రమాదము. ఈ అలవాటును మాన్పించుట మీ కర్తవ్యము.

ఒకే ఇంట రెండు తలలు

అనుభవము గొప్ప గురువే. అయితే అది సాక్ష్యము చెప్పవలెనన్న పక్కన పోల్చి చూచుటకు మరొకటి యుండవలెను. మా ఇంటి సంగతి యొకటి ఇందులకు ఉదాహరణముగా చెప్పుదును.

2021లో నాకును మా తమ్మునికిని ఒకే వారమున డెంగీ జ్వరము వచ్చినది. ఇరువురకును మూడవ నెలలో జుట్టు రాలుట మొదలైనది. మా మేనత్త కాచి పంపిన గుంటగలగరాకు నూనెను నేను వాడితిని. తమ్ముడు గానుగ కొబ్బరినూనె తప్ప మరేదియు రాయనని భీష్మించెను. వారమునకొకసారి కుంకుడు రసముతో తలంటుకొన్న దినమున రాలిన వెండ్రుకలను ఇరువురమును ఏరి లెక్కించి పుస్తకమున వ్రాసికొంటిమి. మొదటి వారము నాకు 210, అతనికి 190. రెండు నెలల తరువాత నాకు 120, అతనికి 105. ఇంకొక నెలకు ఇద్దరికిని డెబ్బదికి లోపల నిలిచినది.

నన్ను మాత్రమే చూచినవారు మేనత్త నూనె మహిమ యనిరి. ఇద్దరిని చూచినవారు కాలము మహిమ యనిరి. తమ్ముడు ఆ నూనె రాయకపోవుటచేతనే నిజము తెలిసినది. వైద్య పరిశోధకులు సగము మందికి మందును, సగము మందికి మందు లేని ఉత్త ద్రవమును ఇచ్చి, ఎవరికేది యిచ్చినదియు రోగికిని పరిశీలకునికిని తెలియకుండ నుంచుట ఇందుకొరకే. ఎంతటి పెద్ద పరిశోధనకైనను మూలము ఈ రెండు తలల సూత్రమే.

పరీక్షకు నిలిచిన మందు

తలకు పూయు మందులలో వంశపారంపర్య బట్టతలకు అనేక పరీక్షలలో నిలిచినది మినాక్సిడిల్. దీని చరిత్ర చిత్రమైనది. అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ దీనిని రక్తపోటు మందుగా తయారుచేయగా, మాత్ర రూపమున 1979లో అచ్చట అనుమతి లభించినది. మింగిన రోగులకు ఒంటినిండ వెంట్రుకలు మొలచుచుండుటను వైద్యులు గమనించిరి. అవలక్షణముగా కనబడిన ఆ గుణమునే ప్రయోజనముగా మార్చుకొని, తలకు పూయు ద్రవముగా చేయగా 1988లో పురుషులకు, 1991లో స్త్రీలకు 2 శాతము మందునకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి నిచ్చినది. 5 శాతము మందు 1997లో వచ్చినది.

2002లో వెలువడిన ఒక పరీక్షలో 393 మంది పురుషులను మూడు భాగములు చేసి 48 వారములు పరిశీలించిరి. చదరపు సెంటీమీటరు మేరలో సగటున పెరిగిన వెండ్రుకలు 5 శాతము మందునకు 18.6, 2 శాతమునకు 12.7, మందు లేని ఉత్త ద్రవమునకు 3.9. ఈ మూడవ అంకెను గుర్తుంచుకొనుడు. మందేమియు లేని ద్రవమును పూసినవారికిని సగటున దాదాపు నాలుగు వెండ్రుకలు పెరిగినట్లు లెక్కకు వచ్చినది. ‘నాకు కొంచెము వచ్చినది’ అను ప్రతి మాటనుండియు ముందు ఈ నాలుగింటిని తీసివేసి, మిగిలినదే మందు ఫలమని యెంచవలెను.

ఈ మందును 2022లో చర్మవైద్యుని సలహాపై, రక్తపోటు పరీక్ష చేయించుకొనిన పిమ్మట, ఒక సంవత్సరము నేను వాడి చూచితిని. ఉదయము ఒక మిల్లీలీటరు, రాత్రి ఒక మిల్లీలీటరు, పొడి తలపై. అనగా నెలకు 60 మిల్లీలీటర్ల సీసా ఒకటి. ప్రతి నెల మొదటి తేదీన ఒకే కిటికీ వద్ద, ఒకే వేళ, జుట్టును ఒకే పొడవునకు కత్తిరించుకొని ఫొటో తీయించితిని. వెలుతురు మారినను, తల తడిసినను, వంచిన తీరు మారినను ఒకే తల రెండు విధములుగా కనబడును. ప్రకటనలలోని ‘ముందు–తరువాత’ బొమ్మల రహస్యము చాలవరకు ఇదియే.

రెండవ నెలలో రాలుట హెచ్చినది. పాత వెండ్రుకలను క్రొత్తవి తోసివేయుటచే ఆరంభమున ఇట్లగునని వైద్యుడు ముందుగా చెప్పియుండుటచే మానలేదు. అయిదవ నెలలో నడినెత్తిన సన్నని వెండ్రుకలు కనబడినవి. పండ్రెండవ నెల ఫొటోను మొదటి దానితో పోల్చగా నడినెత్తి కొంత నిండినది. కణతలు ఎప్పటివలెనే యున్నవి. పిమ్మట దురద హెచ్చుటచే వైద్యుని అనుమతితో నిలిపితిని. నాలుగు నెలలలో తల మొదటి ఫొటోలోని తీరునకే తిరిగి వచ్చినది.

నా అనుభవము వైద్యగ్రంథములు చెప్పుదానికి భిన్నముగా లేదు. ఈ మందు కొందరికి పనిచేయును, అందరికి పనిచేయదు. మందును క్రియాశీలముగా మార్చు ఎంజైము అందరి తలలో ఒకే మోతాదున నుండకపోవుట ఇందులకొక కారణము. పనిచేసినను వాడినంతకాలమే. నడినెత్తిన ఎక్కువ, నుదుటివైపు తక్కువ. కుదురు పూర్తిగా నశించిన నున్నని బట్టతలపై ఆశ పెట్టుకొనరాదు. కనీసము నాలుగు నెలలు వాడనిదే ఫలితము తెలియదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు వాడరాదు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక ముట్టరాదు. ముఖముపై కారిన అచ్చటను వెంట్రుకలు మొలవవచ్చును. చాల రకములలో ఆల్కహాలు ఉండును గనుక పూసిన వెంటనే పొయ్యివద్దకు పోరాదు. పిల్లలకు అందకుండ భద్రపరుపవలెను.

జ్వరము తరువాతి రాలుటకు ఈ మందు సామాన్యముగా అవసరము లేదు. తలతామరకు ఇది మందే గాదు.

తామరకు పూత చాలదు

బిడ్డ తలలోని తామరకు పైపూత ఒక్కటి చాలదు. సూక్ష్మజీవి వెండ్రుక లోపల కుదురువరకు పోయి దాగును. పూత అంతదూరము చేరదు. లోనికి మింగు మందును వైద్యుడు కొన్ని వారములు ఈయవలెను. మందుల దుకాణమున అడిగి తెచ్చు మిశ్రమ క్రీములలో స్టిరాయిడు కలిసియుండును. అది దురదను అణచి, తామర తగ్గినదను భ్రమ కలిగించి, లోలోన దానిని వ్యాపింపజేయును. పూయు స్టిరాయిడు మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నిబంధనను బిగించినది. బిడ్డ తలలో పొట్టుతో కూడిన మచ్చ కనబడిననాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను.

ఊరంతయు ఒకేసారి రాలిన యెడల

మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా, శేగాం తాలూకా గ్రామములలో 2024 డిసెంబరు, 2025 జనవరి నెలలలో జరిగిన సంగతి ప్రతి పంచాయతీ సభ్యుడును తెలిసికొనదగినది. అచ్చట పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు సైతము మూడు నాలుగు దినములలో జుట్టు కుచ్చులుగా ఊడిపోయినది. తొలుత కొందరు షాంపూను, కొందరు నీటిని, కొందరు బూజు వ్యాధిని అనుమానించిరి. ఆరోగ్యశాఖవారు నీటి నమూనాలు, చర్మపు నమూనాలు సేకరించిరి. భారత వైద్య పరిశోధన మండలి బృందము వచ్చి పరిశీలించినది. తేలుకాటు చికిత్సలో ప్రసిద్ధులైన డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ ఆ గ్రామములలో తిరిగి, 18 గ్రామములలో 279 మందికి ఇట్లు జరిగినదనియు, చౌకధరల దుకాణపు గోధుమలలో సెలీనియము అను ధాతువు మితిమీరియుండుట దీనికి కారణమనియు 2025లో తన నివేదికయందు వెల్లడించిరి.

ఈ ఉదంతమున నేర్వవలసినది స్పష్టము. కారణము అన్నములో నున్నప్పుడు ఔషధము తలపై నుండదు. అట్టి సమయమున ప్రతి ఇంటివారును తమకు తోచిన నూనె రాసికొని ఊరకుండినయెడల సంగతి బయటకు వచ్చెడిది గాదు. ఊరివారందరు కలిసి అధికారులకు తెలుపుటచేతనే నీరు, ధాన్యము, రక్తము పరీక్షకు పోయినవి. ఒక వీధిలో నలుగురైదుగురికి ఒకే పక్షమున జుట్టు రాలిన, అది సంతకు పోవలసిన మాట గాదు. పంచాయతీ కార్యాలయమునకు రావలసిన మాట.

సీసా మీద చట్టము

2025 మార్చిలో పంజాబు రాష్ట్రపు సంగ్రూరు పట్టణమున ఒక ఆలయము వద్ద బట్టతలకు ఉచిత చికిత్స యని శిబిరము పెట్టి తలకు నూనె రుద్దిరి. అరువదిమందికి పైగా కండ్లు మండి, ఎర్రబడి ఆసుపత్రికి పోవలసి వచ్చినది. తలకు పూసినది కంటికి దిగును. దానిలో ఏమున్నదో తెలియని వైద్యుడు విరుగుడును త్వరగా చెప్పలేడు.

1940 నాటి ఔషధముల, సౌందర్యసాధనముల చట్టము క్రింద ఏర్పడిన 1945 నాటి నియమావళిలో జె అను షెడ్యూలు కలదు. ఏ రోగములను నివారింతుమని గాని కుదుర్చుదుమని గాని మందులు చెప్పుకొనరాదో వాని జాబితా అది. బట్టతల, క్రొత్త వెండ్రుకలు మొలిపించుట అందున్నవి. మందులను గూర్చి తప్పుదారి పట్టించు ప్రకటనలను 1954 నాటి ఔషధముల, మాయచికిత్సల చట్టము నిషేధించుచున్నది. కావున ‘బట్టతలపై నూటికి నూరుపాళ్ళు జుట్టు’ అని మైకులో అరచువాడు ధైర్యవంతుడే గాని చట్టము నెరిగినవాడు కాడు.

సీసా చేతికి రాగానే చూడవలసినవి: తయారీదారు పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, అందున్న పదార్థములు. ఇవి లేని సీసా ఎంత పరిమళించినను తలకు తగదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి. సంతలో, జాతరలో స్థలము కేటాయించునప్పుడు మందులు, నూనెలు అమ్మువారి సరకుపై పైన చెప్పిన వివరములున్నవో లేవో చూడవలెను. అనుమానము కలిగిన సీసా నొకదానిని రసీదుతో కొని, జిల్లాలోని ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను. మోసపోయిన కొనుగోలుదారు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమున ఫిర్యాదు చేయవచ్చును.

రెండు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. జుట్టు రాలుచున్నదని చెప్పు ప్రతి స్త్రీకిని ఏ.ఎన్.ఎం. ద్వారా రక్తపరీక్ష జరుగునట్లు చూడవలెను. ఇనుము మాత్రలు, ఆకుకూరలు, పప్పు, గ్రుడ్డు చేయు మేలు ఏ తైలమును చేయలేదు.

మూడు. బడిలో తలతామర కనబడిన బిడ్డను ఇంటికి పంపి చేతులు దులుపుకొనక, చికిత్స చేయించి, మిగిలిన పిల్లల తలలను కూడ పరీక్షింపజేయవలెను. క్షౌరశాలలలో కత్తెర, దువ్వెన శుభ్రపరచు పద్ధతిని గమనింపవలెను.

నాలుగు. ఒకేసారి పలువురికి రాలిన యెడల పేర్లు, తేదీలు, త్రాగు నీరు, తిను ధాన్యము వివరములతో పట్టిక వ్రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి ఆనాడే అందజేయవలెను.

అయిదవది అన్నింటికంటె సులభము, అన్నింటికంటె కష్టము. బట్టతలవానిని, జుట్టు పలచబడిన ఆడపిల్లను ఎగతాళి చేయు అలవాటును సభ్యులు తమతోనే మొదలుపెట్టి మాన్పింపవలెను. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యని సామెత యున్నది. లేనివారి మనసును ఆ సామెత అడుగలేదు. పెండ్లిచూపులలో ఒక మాట పడిన పిల్ల గుట్టుగా అప్పుచేసి సీసాలు కొనుచున్నది. నూనె వ్యాపారి అమ్ముచున్న సరకు నూనె గాదు. ఆ సిగ్గే అతని పెట్టుబడి. ఊరు ఆ సిగ్గును తగ్గించిననాడు అతని గుడారము తానే లేచిపోవును.

చర్చకు ప్రశ్నలు

పంచాయతీ సమావేశమున ఈ పాఠమును చదివి క్రింది ప్రశ్నలను చర్చింపవచ్చును.

1. గత ఏడాది మన ఊర తలకు పూయు మందులపై సుమారు ఎన్ని కుటుంబములు డబ్బు వెచ్చించినవి? వారిలో రాలుటకు కారణము తెలిసికొన్నవారెందరు?

2. ‘నాకు పనిచేసినది’ అని ఒకరు చెప్పినప్పుడు, జ్వరముగాని ప్రసవముగాని అంతకు ఎన్ని నెలల ముందు జరిగినదని మనము అడుగుచున్నామా?

3. మన సంతలో అమ్ముడగు సీసాలపై ఏ వివరములున్నవి, ఏవి లేవు?

4. మన బడిలో పిల్లల తలలను కడపట పరీక్షించిన దినమెప్పుడు?

ఈ నాలుగింటికి సమాధానములు వ్రాసికొన్న పంచాయతీకి, గుడారము వేసినవాడు తదుపరి సంతకు వచ్చునప్పటికి అతనిని ఏమడుగవలెనో తెలిసియుండును.